పదమూడు ముక్కల లెక్క

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో మొదటి రోజు సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుటి నుంచి బరువైన సంగతులు చాలా విన్నారు. తరగతి గదుల మరమ్మతులు, పేద పిల్లల ఫీజులు, సంఘం నిధి లెక్కలు. రాత్రి భోజనాలకు ముందు ఓ అరగంట ఏదైనా తేలికైన విషయం మాట్లాడమని కార్యదర్శిగారు నన్నడిగారు. "రమ్మీ ఎలా ఆడాలో చెబుతానండి" అన్నాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, "మాస్టారూ, బడి సభలో పేకాటా?" అన్నారు. "ఆయ్, పేకాటేనండి" అన్నాను. ముప్ఫై రెండేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఇదీ లెక్కల పాఠమే అని ఆయన్ని ఒప్పించడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెబుతాను. మనవాళ్లు ఎక్కడ కలిసినా, పెళ్లి విడిదిలో అయినా, ఇలాంటి కలయికల్లో అయినా, భోజనాలయ్యాక ఒక జట్టు చాప పరిచి కూర్చుంటుంది. మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూస్తారు. పోయినసారి మనం కలిసినప్పుడు మా సీనియర్ అక్కయ్యగారు ఒకరు నాతో అన్నారు: "ముప్ఫై ఏళ్ల నుంచి మీ ఆటకి కాఫీలు, పకోడీలు అందిస్తున్నాం తమ్ముడూ. ఆ ముక్కల్లో ఏముందో ఒక్కరైనా చెప్పారా?" ఆవిడ అడిగింది న్యాయమే. అమెరికా నుంచి వచ్చిన మనవలు కూడా నేర్పమని అడుగుతున్నారు. ఇది మొదటి కారణం. రెండో కారణం ఆట నేర్పాక చెబుతాను.

మీ బల్లల మీద రెండేసి పేకలు, ఓ గిన్నెలో చింతపిక్కలు పెట్టించాం. ఈ రాత్రి మన డబ్బు అవే. పేకలు విప్పండి.

ఒక పేకలో 52 ముక్కలు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అని నాలుగు జాతులు. జాతికి 13: ఆసు, 2 నుంచి 10 వరకు అంకెలు, ఆ పైన జాకీ, రాణి, రాజు. ఆరుగురు దాకా ఆడటానికి రెండు పేకలు కలుపుతాం. అవి 104. పేకకొకటి చొప్పున బొమ్మ జోకర్లు రెండు. మొత్తం 106.

బాగా కలిపి, పక్కవారి చేత కోయించి, ఒక్కొక్కటిగా తలా 13 ముక్కలు పంచాలి. మిగిలిన పేకలోంచి ఒక ముక్క తీసి వెల్లకిలా పెట్టి, దాని మీద మిగతా పేక బోర్లా ఉంచాలి. ఆ వెల్లకిలా ఉన్నది కట్ జోకరు. అది ఇస్పేటు 4 అయితే ఈ ఆటకి ఏ జాతి 4 అయినా జోకరే. అక్కడ బొమ్మ జోకరే వస్తే ఆసులన్నీ జోకర్లవుతాయి. ఇంకో ముక్క తీసి పక్కన తెరిచి పెట్టాలి. అది ఓపెన్ ముక్క.

ఇక వరస మొదలవుతుంది. మీ వంతు వచ్చినప్పుడు బోర్లా ఉన్న పేకలోంచి గానీ, ముందువారు పడేసిన ఓపెన్ ముక్కల్లో పైదాన్ని గానీ తీసుకోవాలి. తీసుకున్నాక అక్కరలేనిది ఒకటి పడెయ్యాలి. చేతిలో ఎప్పుడూ 13 ఉండాలి. ఎవరైనా జోకరు పడేస్తే దాన్ని తీసుకోకూడదు. ఆట మొదట్లో తెరిచిన ముక్కే జోకరైతే మాత్రం మొదటివారు తీసుకోవచ్చు.

ఆట అంతా ఈ 13 ముక్కల్ని కట్లు కట్లుగా పేర్చడంలో ఉంది. కట్లు రెండు రకాలు. ఒకే జాతిలో వరసగా వచ్చే మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ముక్కలు సీక్వెన్సు: ఇస్పేటు 5, 6, 7 లాగా. ఆసుని 2, 3 పక్కన పెట్టుకోవచ్చు, రాణి, రాజుల పక్కనా పెట్టుకోవచ్చు. రాజు, ఆసు, 2 అని చుట్టూ తిప్పడానికి మాత్రం వీల్లేదు. రెండో రకం సెట్టు: ఒకే అంకె, జాతులు వేరు. రాజులు మూడు, లేదా నాలుగు. రెండు పేకలు కలిపాం కాబట్టి ఇస్పేటు రాజులు రెండు రావచ్చు, కానీ ఒకే సెట్టులో ఆ రెంటినీ పెట్టకూడదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన నియమం. ఆట చూపించాలంటే కనీసం రెండు సీక్వెన్సులుండాలి. అందులో ఒకటి జోకరు సాయం లేకుండా రావాలి. దాన్నే మనవాళ్లు లైఫ్ అంటారు. పేరు బాగా పెట్టారు, అది లేనిదే మిగతా పన్నెండు హంగులున్నా చేతికి ప్రాణం లేదు. రెండో సీక్వెన్సులో జోకరు వాడుకోవచ్చు. మిగతావి సెట్లయినా, సీక్వెన్సులయినా సరే.

ఇక్కడ కొత్తవాళ్లకి ఒక సందేహం వస్తుంది. 4 జోకరైన ఆటలో కళావరు 3, 4, 5 లైఫ్ అవుతుందా? అవుతుంది. ఆ 4 తన జాతిలో, తన చోట, తన అంకెగానే కూర్చుంది. ఇంకొకరి స్థానంలో కూర్చున్నప్పుడే అది జోకరు.

ఒక పూర్తయిన చేతిని చెబుతాను, బల్ల మీద పేర్చి చూడండి. జోకరు 4 అనుకుందాం. ఇస్పేటు 5, 6, 7: ఇది లైఫ్. ఆఠీను 9, 10, వాటి పక్కన డైమను 4: ఆ 4 ఇక్కడ ఆఠీను జాకీకి బదులు, ఇది రెండో సీక్వెన్సు. ఇస్పేటు, డైమను, కళావరు రాజులు: ఒక సెట్టు. ఆఠీను, డైమను, కళావరు 2లు, వాటితో ఒక బొమ్మ జోకరు: ఇంకో సెట్టు. మూడు, మూడు, మూడు, నాలుగు, మొత్తం పదమూడు. పద్నాలుగో ముక్క బోర్లా పడేసి షో అనాలి. అనే ముందు కట్లన్నీ ఒకసారి మనసులో లెక్కపెట్టుకోండి. తప్పు షోకి ఏ కనికరమూ లేదు, 80 పాయింట్లు.

గెలిచినవారికి సున్నా. మిగతావారు చేతిలో పేరని ముక్కలు లెక్కపెట్టుకోవాలి. ఆసు, రాజు, రాణి, జాకీలకు పదేసి. అంకెల ముక్కలకు వాటి అంకె. జోకరుకి సున్నా. ఒక ఉదాహరణ. మీకు కళావరు 8, 9, 10 లైఫ్ ఉంది. డైమను 5, 6, బొమ్మ జోకరుతో రెండో సీక్వెన్సూ ఉంది. మిగిలినవి రెండు రాజులు, ఒక ఆసు, 7, 6, రెండు 2లు. అంటే 47. ఇదే చేతిలో రెండో సీక్వెన్సు లేకపోతే లైఫ్ ఒక్కటి తప్ప అన్నీ లెక్కలోకి వస్తాయి, సెట్లున్నా సరే. అసలు లైఫే లేకపోతే 13 ముక్కలూ లెక్కే. మూడు రాజులు, మూడు రాణులు, మూడు జాకీలు చేతిలో పెట్టుకుని మురిసిపోతున్నవాడికి లైఫ్ లేకపోతే ఆ తొమ్మిదే 90. నియమం దయతలచి 80 దగ్గర ఆపుతుంది. దాన్నే ఫుల్ కౌంటు అంటాం.

అయితే నేర్చుకునేవారు అందరికన్నా చివర నేర్చుకునేదీ, మొదట నేర్చుకోవలసిందీ ఇంకొక నియమం ఉంది. డ్రాప్. పంచిన 13 ముక్కలు చూసుకుని, ఒక్క ముక్క కూడా తియ్యకముందు "నేను ఆడను" అని బోర్లా పెట్టేయవచ్చు. దానికి 20. కొంత ఆడాక వదిలేస్తే 40. ఇది 101 ఆటలో లెక్క. పాయింట్లు కలుపుకుంటూ పోయి 101 చేరినవారు బయటికి. 201 దాకా ఆడేచోట 25, 50. కొన్ని ఇళ్లలో ఈ అంకెలు మారతాయి, కూర్చునే ముందే అడిగి తెలుసుకోండి.

లెక్క చూడండి. 20 ఎక్కడ, 80 ఎక్కడ? నాలుగుసార్లు మొదట్లోనే వదిలేసినా, ఒక్కసారి మొండిగా ఆడి మునిగినంతే. అందుకని ముక్కలు ఎత్తగానే వేసుకోవలసిన ప్రశ్న "ఎలా గెలవాలి" అని కాదు, "ఈ చెయ్యి ఆడదగిందేనా" అని. లైఫ్ లేదు, లైఫ్‌కి దారితీసే పక్కపక్క ముక్కలు లేవు, జోకరూ లేదు. అలాంటి చెయ్యి వదిలేయండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆట బాగా వచ్చినవారి పక్కన కూర్చుని గమనించండి. వాళ్లు మనకన్నా ఎక్కువసార్లు వదిలేస్తారు.

ఆడదగిన చెయ్యి వచ్చిందనుకుందాం. ఇప్పుడు నా పాఠం. మీ దగ్గర ఇస్పేటు 5, 6 ఉన్నాయి. 4 వచ్చినా, 7 వచ్చినా సీక్వెన్సు. రెండు పేకలు కాబట్టి అవి రెండేసి, మొత్తం మీకు పనికొచ్చే ముక్కలు నాలుగు. అదే 5, 7 ఉంటే? మధ్యలో 6 ఒక్కటే కావాలి, అవి రెండే. ఆసు, 2 ఉన్నా అంతే, 3 తప్ప గతి లేదు. మధ్య ముక్క కోసం కూర్చున్నవాడికి అవకాశం సగం. ఆ రెండిట్లో ఒకటి ఇంకొకరు పడేయగా మీరు చూశారంటే సగంలో సగం. పడిపోయిన ముక్కల్ని గుర్తుపెట్టుకోమని పెద్దలు అందుకే అంటారు.

ఇంకో లెక్క. ఆరుగురు ఆడితే పంచిన ముక్కలు 78. కట్ జోకరు ఒకటి, ఓపెన్ ముక్క ఒకటి పోగా పేకలో మిగిలేవి 26. అందరూ పేకలోంచే తీస్తే ఒక్కొక్కరికి నాలుగైదు వంతులు వచ్చేసరికి పేక అయిపోతుంది. కలలు కనడానికి ఎక్కువ సమయం లేదు. జోకర్లు? కట్ జోకరు పోగా ఆ అంకెవి ఏడు, బొమ్మలు రెండు. 105 ముక్కల్లో తొమ్మిది. అంటే సగటున మనిషికి ఒకటి. మీకు రెండు వచ్చాయంటే మీ వాటాకి మించి వచ్చినట్టు. కానీ జోకర్లు చూసి లైఫ్ సంగతి మరిచిపోయి మునిగినవాళ్లు చాలామంది. జోకరు దేనికైనా పనికొస్తుంది, లైఫ్‌కి తప్ప.

కొత్తవారికి ఇంకో రెండు మాటలు. ఒకటి, జత కుదరని రాజుల్ని, రాణుల్ని మొదట్లోనే సాగనంపండి. చూడ్డానికి బాగుంటాయి, కానీ ఒక్కోదాని బరువు పది. రెండు, పక్కవారు ఓపెన్‌లోంచి ఏం తీసుకున్నారో చూడండి. కింది మనిషి కళావరు 8 ఎత్తుకున్నారంటే మీ చేతిలోని కళావరు 7, 9, ఇంకో జాతి 8 పడేసే ముందు ఆలోచించండి. అలాగే మీరు ఓపెన్‌లోంచి తీసుకున్న ప్రతిసారీ మీ చేతిలో ఏముందో బల్ల మొత్తానికి చెప్పినట్టేనని గుర్తుంచుకోండి.

ఇంతే అండీ ఆట. ఇప్పుడు రెండో కారణం.

మన సీమలో పేకాట అన్న మాట మంచి మాట కాదు. ఊరికే చెడ్డదైపోలేదు. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన వెలిసే పాకల్లో ఏం జరుగుతుందో మనకి తెలుసు. అయితే అక్కడ ఆడేవన్నీ ఒకటి కావు. గుండాటలో, లోనా బయటాలో, మూడు ముక్కలాటలో మనిషి చేసేది స్వల్పం. రమ్మీలో మనిషి చెయ్యవలసింది ఉంది. ఈ తేడా మన దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. అదీ మన రాష్ట్రం కేసులోనే. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. అక్కడ ఆడుతున్నది రమ్మీ. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కె. సత్యనారాయణల మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ముక్కలు పంచడంలో అదృష్టం ఉన్నా, పడిన ముక్కల్ని గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది పడేయాలో తేల్చుకోవడం నైపుణ్యమేననీ, మొత్తం మీద రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేననీ ధర్మాసనం చెప్పింది. ప్రభుత్వ అప్పీలును కొట్టేసింది. కానీ ఆ తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. పందెం కాసి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని లాభం గడిస్తుంటే అది నేరం కావచ్చని. చాలామంది మొదటి మాట చెప్పి రెండోది మింగేస్తారు.

తరవాత ఆట చాప మీద నుంచి ఫోనులోకి వచ్చింది. నైపుణ్యమన్న మాటే ప్రకటన అయింది. తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బుతో ముడిపడ్డ ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది.

ఎందుకు అంతదాకా వచ్చింది? నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడొకడు కొన్నేళ్ల కిందట మా ఇంటికి వచ్చాడు. లెక్కల్లో చురుకైనవాడు. ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలయ్యాడు. వాళ్ల నాన్న రెండు దింపుల కొబ్బరికాయల డబ్బు వర్తకుడి దగ్గర ముందుగా తెచ్చి ఆ అప్పు తీర్చాడు. ఎంత పోయిందని నేను అడగలేదు. "ఆట వచ్చా నీకు?" అన్నాను. వచ్చన్నాడు. నిజంగానే వచ్చు, అంకెలన్నీ నోటికున్నాయి. "డ్రాప్ చేసేవాడివా?" అన్నాను. కొంచెం సేపు మాట్లాడలేదు. "మొదట్లో చేసేవాణ్ణండి. పోయింది తిరిగి రాబట్టుకోవాలనే పట్టుదల వచ్చాక ఒక్కటీ వదల్లేదండి" అన్నాడు.

నాకు రెండో కారణం దొరికింది అక్కడే. వాడికి నియమాలు తెలియక పోలేదు. నైపుణ్యం లేక పోలేదు. డబ్బు వచ్చి కూర్చునేసరికి అన్నిటికన్నా విలువైన నియమం ఒక్కటి చేతిలోంచి జారిపోయింది. మహాభారతంలో ధర్మరాజు జూదం మన అందరికీ తెలుసు. రాజ్యం పోయింది, తమ్ముళ్లు పోయారు, తాను పోయాడు, ఆపైన ద్రౌపదిని ఒడ్డాడు. లేవడానికి ప్రతి పందెం దగ్గరా అవకాశం ఉంది. ధర్మం తెలిసినవాడే లేవలేకపోతే మన కుర్రాళ్ల సంగతేమిటి?

చాప మీద ఆటకి సహజంగా కొన్ని అడ్డుకట్టలుంటాయి. ముక్కలు కలపాలి, పంచాలి, ఎవరో జోకు వేస్తారు, అమ్మ అన్నానికి పిలుస్తుంది. ఎదుటివాడి ముఖం వాడిపోతే ఆపుదాంరా అంటాం. ఫోనులో ఇవేవీ లేవు. ఒక ఆట ముగిసిన క్షణంలో ఇంకోటి సిద్ధం. రాత్రి రెండైనా ఎదురుగా ఎవరో ఒకరుంటారు. వాళ్ల పేరు తెలియదు, ముఖం కనపడదు.

"అయితే పిల్లలకి అసలు నేర్పకుండా ఉంటే పోలేదా మాస్టారూ" అని మీలో కొందరికి అనిపిస్తుంది. మేమంతా ఇంట్లో పేక కనపడితే వీపు చిట్లే కాలంలో పెరిగాం. ఆ కట్టడి వల్ల ఎవరూ ఆట నేర్చుకోకుండా ఆగలేదు, నేర్చుకునే చోటు మాత్రం మారింది. ఇంట్లో నేర్వనిది పాకల్లో నేర్చారు, ఇప్పుడు ఫోనులో నేరుస్తున్నారు. అక్కడ మొదట నేర్పేది డబ్బు పెట్టడం. డ్రాప్ ఎవరూ నేర్పరు. ఎందుకంటే మనం ఎంతసేపు ఆడితే అంత లాభం వాళ్లకి. అమ్మమ్మ పక్కన కూర్చుని, చింతపిక్కలతో, మొదటి పాఠంగా వదిలేయడం నేర్చుకున్న పిల్లకి రేపు ఎవరైనా పందెం అంటే కనీసం ఒక ప్రశ్న అడిగే తెలివి ఉంటుంది. ఆ తెలివి చాలుతుందని నేను హామీ ఇవ్వలేను. లేకపోవడం కన్నా మేలని మాత్రం చెప్పగలను.

అందుకని ఈ రాత్రికి మూడు ఏర్పాట్లు. ప్రతి బల్ల దగ్గర ఆట వచ్చినవాళ్లు ఇద్దరికి మించకుండా, రానివాళ్లు నలుగురు కూర్చోండి. మొదటి రెండు ఆటలు ముక్కలు వెల్లకిలా పరిచి, ఒకరి చెయ్యి ఒకరు చూస్తూ, ఏది ఎందుకు పడేస్తున్నారో పైకి చెబుతూ ఆడండి. మూడో ఆట నుంచి చింతపిక్కలు. మనిషికి వంద, అవి అయిపోయినవారు లేచి పకోడీలు పంచాలి. ఆ నియమం మగవాళ్లకి కూడా వర్తిస్తుందని మా అక్కయ్యగారు ప్రత్యేకంగా చెప్పమన్నారు.

తొమ్మిదికి భోజనాల గంట కొడతారు. ఎవరి చేతిలో ఎన్ని జోకర్లున్నా ముక్కలు కింద పెట్టి లేవాలి.